ఇంటిలో సెల్‌ఫోను సిగ్నల్ అందనప్పుడు: బూస్టర్ కొనడానికి ముందు తెలుసుకోవలసినవి

సోలాపూర్ పేటలలో అనేక గృహాలవారికి సెల్‌ఫోను మ్రోగగానే గడప దాటి వీధిలోకి వచ్చి మాట్లాడడం అలవాటైపోయింది. లోపల నిలిచి మాట్లాడితే మాట తెగిపోతుంది. బ్యాంకు పంపిన ఓటీపీ గడువు ముగిసిన తరువాత చేరుతుంది. టవెళ్ల కార్ఖానాలో పని ఉన్నదన్న పిలుపు అందక ఒక రోజు కూలి పోతుంది. స్వగ్రామంలో తల్లిదండ్రులకు అస్వస్థత కలిగిన వార్త సైతం ఆలస్యంగా తెలుస్తుంది. ఈ ఇబ్బందిని తొలగించుకోవాలని కొందరు ‘సిగ్నల్ బూస్టర్’ అనే పెట్టెను కొని ఇంటిపై బిగించుకొంటున్నారు. ఆ పెట్టె ఏమి చేస్తుంది, దానిని సొంతంగా అమర్చుకోవడానికి చట్టం అనుమతిస్తుందా, అంతకంటె మేలైన మార్గాలు ఏవి అన్నది ఈ వ్యాసంలో చూడవచ్చు.

సిగ్నల్ తగ్గడానికి కారణాలు

సెల్‌ఫోను ఒక చిన్న రేడియో యంత్రం. అది టవరు పంపే తరంగాలను గ్రహిస్తుంది, తన తరంగాలను తిరిగి టవరుకు పంపుతుంది. టవరు శక్తి కొన్ని పదుల వాట్లు ఉండగా, 4జీ ఫోను పంపగల శక్తి సుమారు 0.2 వాట్లు మాత్రమే. అందువల్ల అవతలి మాట మనకు స్పష్టంగా వినబడుతున్నా, మన మాట వారికి వినబడకపోవచ్చు. సిగ్నల్ బలహీనమైన చోట ఫోను తన శక్తినంతా వినియోగిస్తుంది. బ్యాటరీ త్వరగా తరిగిపోవడానికి అదొక కారణం.

ఇనుప రేకుల కప్పు తరంగాలను వెనుకకు మళ్లిస్తుంది. ఇనుప కమ్ములతో పోసిన స్లాబు, పాత వాడాల మందమైన రాతిగోడలు, లోహపు పూత ఉన్న కిటికీ అద్దాలు తరంగాల బలాన్ని తగ్గిస్తాయి. తరంగాలన్నీ ఒకే తీరున గోడలను దాటలేవు. 800, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడలను కొంత సులభంగా దాటుతాయి. 1800, 2300 మెగాహెర్ట్జ్ తరంగాలకు అది కష్టం. 5జీకి వాడే 3300 మెగాహెర్ట్జ్ తరంగాలకు మరింత కష్టం. వీధిలో వేగంగా పనిచేసే 5జీ వంటగదిలోకి రాగానే మందగించడానికి కారణమిదే.

బలాన్ని కొలిచే విధానం

తెరపై కనిపించే గీతలు స్థూలమైన సూచన మాత్రమే. ఆండ్రాయిడ్ ఫోనులలో సెట్టింగులలోని ‘ఫోను గురించి’ అన్న భాగంలో సిమ్ స్థితిని తెరిస్తే, సిగ్నల్ బలం డీబీఎం అనే కొలమానంలో కనిపిస్తుంది. ఇది ఋణసంఖ్య. 4జీలో మైనస్ 80 అయితే చాలా మంచి సిగ్నల్. మైనస్ 100 అయితే మధ్యస్థం. మైనస్ 110 దాటితే బలహీనం. పది అంకెల తేడా స్వల్పంగా తోచవచ్చు గాని, మైనస్ 90 నుండి మైనస్ 100కు పడిపోతే సిగ్నల్ శక్తి పదవ వంతుకు తగ్గినట్లు. ఇంటిలో ప్రతి గదిలోను, గడప వద్ద, మేడపైన ఈ సంఖ్యను వ్రాసుకొంటే లోపం టవరుదో, గోడలదో తెలిసిపోతుంది.

బూస్టర్ ఏమి చేస్తుంది?

బూస్టర్‌కు రిపీటర్ అనే పేరు కూడ ఉంది. ఇంటిపై ఒక యాంటెన్నా, లోపల ఒక యాంటెన్నా, నడుమ సిగ్నల్‌ను పెంచే యంత్రం, వీటిని కలిపే కేబులు దానిలోని భాగాలు. పైకప్పుపై అందిన తరంగాలను బలపరచి లోపలకు, లోపలి ఫోను తరంగాలను బలపరచి వెలుపలకు పంపుతుంది. కొన్నవారి ఇంటిలో వెంటనే గీతలు పెరుగుతాయి. చిక్కు ఇంటి వెలుపల మొదలవుతుంది.

పెళ్లి పందిరిలో మైకును లౌడుస్పీకరు ఎదుట పెడితే చెవులు చిల్లులు పడే కూత పుడుతుంది. రెండు యాంటెన్నాల మధ్య తగిన ఎడం లేనప్పుడు బూస్టర్‌లోను ఇదే జరుగుతుంది. ఆ కూత మన చెవికి వినబడదు. టవరుకు మాత్రం వినబడుతుంది. ఆ రొదలో పేటలోని ఇతరుల ఫోనుల బలహీన తరంగాలను టవరు గుర్తించలేదు. అంతేకాక, నాసిరకం బూస్టర్ ఒకే కంపెనీ తరంగాలకు పరిమితం కాక ఇతర కంపెనీల తరంగాలను కూడ పెంచుతుంది. ఫలితంగా ఒక ఇంటిలో గీతలు పెరిగి, చుట్టుపక్కల పది ఇళ్లలో మాటలు తెగిపోతాయి. ఆ పది ఇళ్లలో ఒకరు అంబులెన్సు కోసం ఫోను చేస్తూ ఉండవచ్చు.

చట్టం ఏమంటుంది?

లైసెన్సు పొందిన టెలికాం కంపెనీలు తప్ప ఇతర వ్యక్తులు గాని, సంస్థలు గాని సెల్‌ఫోను బూస్టర్‌ను కలిగి ఉండడం, అమ్మడం, వాడడం చట్టవిరుద్ధమని కేంద్ర టెలికాం శాఖ 2022 జూలై 1న స్పష్టం చేసింది. అంగడిలో బిల్లు ఇచ్చినంత మాత్రాన, ఆన్‌లైన్‌లో లభించినంత మాత్రాన అది అనుమతి పొందిన వస్తువు కాదు.

వెలుపలి యాంటెన్నాల సంగతి వేరు. సిమ్‌తో గాని, ఎయిర్‌ఫైబర్ వంటి సేవతో గాని ఇంటర్నెట్ తీసుకొనేవారికి, కంపెనీవారే మేడపై గ్రాహక యంత్రాన్ని బిగించి, తీగ ద్వారా లోపలి వైఫై పెట్టెకు కలుపుతారు. అది ఇంటి సొంత కనెక్షన్‌కు మాత్రమే పనిచేస్తుంది. బూస్టర్‌లాగా అందిన తరంగాలన్నిటినీ పెంచి తిరిగి వెదజల్లదు.

చేయదగిన పనులు

మొదట ఖర్చు లేని ఉపాయాలు. ఇరుగుపొరుగువారిలో వేరే కంపెనీ సిమ్ ఉన్నవారిని పిలిచి, అదే గదిలో ఇద్దరి ఫోనుల సంఖ్యలను పోల్చి చూడాలి. ఇంటిలో 5జీ నిలకడగా లేకపోతే సెట్టింగులలో 4జీని ఎంచుకోవచ్చు. లోహపు కవరు ఉంటే తీసి చూడాలి.

ఇంటిలో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారికి వైఫై కాలింగ్ మేలైన మార్గం. ఫోనుకు, కంపెనీకి ఆ సౌకర్యం ఉంటే సెట్టింగులలో దానిని ఆన్ చేస్తే చాలు. వేరే యాప్ అక్కరలేదు. టవరు అందని గదిలో సైతం అదే నంబరుతో మాట్లాడవచ్చు. కరెంటు పోతే వైఫై కూడ ఆగిపోతుంది గనుక రౌటరుకు చిన్న యూపీఎస్ ఉండడం మంచిది.

అప్పటికీ ఫలితం లేకపోతే కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి 198 నంబరులో ఫోను చేయాలి. వారు ఇచ్చే డాకెట్ నంబరును తప్పక వ్రాసుకోవాలి. పరిష్కారం తృప్తికరంగా లేకపోతే, 30 రోజులలోగా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి విన్నవించుకోవచ్చు. దీనికి రుసుము లేదు. పేటవాసులు, గృహసంఘాలు, కార్ఖానాల యజమానులు కలిసి అర్జీ పెడితే దానికి బలం ఎక్కువ. పెద్ద భవనాలలో అంతస్తులవారీగా చిన్న యాంటెన్నాలు అమర్చి సిగ్నల్ అందించే ఏర్పాటును కంపెనీలే న్యాయబద్ధంగా చేయగలవు.

చివరి మార్గం కంపెనీని మార్చుకోవడం. ఆంగ్ల అక్షరాలలో ‘పోర్ట్’ అని టైపు చేసి, ఖాళీ విడిచి, తమ పది అంకెల నంబరు చేర్చి 1900కు సందేశం పంపితే ఒక కోడ్ వస్తుంది. దానితో కొత్త కంపెనీ దుకాణానికి వెళ్తే పాత నంబరు మారకుండానే సేవ మారుతుంది. అందుకు ప్రస్తుత కంపెనీలో కనీసం 90 రోజులు గడచి ఉండాలి. పోస్ట్‌పెయిడ్ బకాయిలు ఉండరాదు.

ఆపద సమయంలో తమ కంపెనీ సిగ్నల్ లేదని నిరాశపడి ఊరుకోరాదు. ఆ చోట మరొక కంపెనీ సిగ్నల్ ఉంటే 112కు చేసిన ఫోను దాని ద్వారా వెళ్లగలదు. ఇంటిలో ఏ మూలన, ఏ కిటికీ వద్ద సిగ్నల్ నిలుస్తుందో పిల్లలతో సహా ఇంటిల్లిపాదికీ ముందే తెలిసి ఉండాలి.