పండుగ పిట్ట, బీడు నేల

భాద్రపదం వెళ్లి ఆశ్వయుజం వచ్చే వేళకు వికారాబాదు జిల్లాలోని మోమిన్‌పేట్ పరిసరాలు ఏడాదిలో మరెన్నడూ లేని కళతో కనబడుతవి. వానలు వెనుకబట్టి ఆకాశం కడిగిన పళ్లెరం వలె ఉంటుంది. చేలలో కంది ఏపుగా ఎదిగి ఉంటుంది. పత్తి కాయ పట్టి ఉంటుంది. ఊళ్లకు వెలుపల, ఎఱ్ఱని మొరం నేలమీద మాత్రం ఎవరూ విత్తని గడ్డి మోకాలెత్తున పెరిగి గాలికి అలలు అలలుగా వంగుతుంది. నాగలి ఎరుగని ఆ నేలను రైతు బీడు అంటాడు. పశువుల కాపరి మేతభూమి అంటాడు. సర్కారు పటాలలో ఇట్టి నేలలు తరచుగా బంజరు అనే పద్దులో చేరుతవి. ముగ్గురిలో ఇద్దరి తీర్పు ప్రకారం అది పనికిరాని నేల.

ఆ పనికిరాని నేలను వెదకుకొంటూ, ఆదివారం కోడికూతకు ముందే హైదరాబాదు నుండి బయలుదేరి, సుమారు 70 కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చేవారు కొందరున్నారు. మోమిన్‌పేట్ మండలంలోని ఎన్కతల గడ్డిభూమి వారికి ఒక యాత్రాస్థలం. మెడలో దుర్భిణి, భుజాన కెమెరా, జేబులో చిన్న పుస్తకం వారి సామగ్రి. వారిలో ఉపాధ్యాయులున్నారు, వైద్యులున్నారు, కార్యాలయాలలో పనిచేసేవారున్నారు, విద్యార్థులున్నారు. జీవశాస్త్రం వృత్తిగా గలవారు స్వల్పం. ఇట్టివారిని ఇంగ్లీషువారు అమెచ్యూర్ అంటారు. ఫ్రెంచి భాష నుండి వచ్చిన ఆ మాటకు మూలార్థం ప్రేమించేవాడు అని. మన ఔత్సాహికుడు అనే మాటలోనూ జీతభత్యాల ప్రసక్తి లేదు, మనసు పడుట మాత్రమే ఉన్నది.

ఈ అభిరుచికి తెలుగునాట సంఘరూపం 1980లో లభించినది. ఆ ఏడు హైదరాబాదులో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. నేడు అది దక్కన్ బర్డర్స్ అనే పేరుతో నడుస్తున్నది. సభ్యులు కలిసి చెరువులకూ, అడవులకూ, గడ్డిభూములకూ వెళ్లి చూచిన పక్షుల పేర్లు వ్రాసుకొని రావడం దాని ముఖ్యమైన పని. ఇంతకు అర్ధశతాబ్ది పూర్వమే, 1931-32లో, నిజాము రాజ్యపు పక్షులను సాలిం అలీ ఊరూరా తిరిగి పరిశీలించినాడు. ఆయన కూడా ప్రేమతో మొదలుపెట్టినవాడే. 1908లో, పన్నెండేళ్ల బాలుడుగా ఉన్నప్పుడు, తాను కొట్టిన పిచ్చుక గొంతుమీద పసుపు మచ్చ ఎందుకున్నదో తెలియక, దానిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పట్టుకొని పోయి అడిగినాడు. ఆ ఒక్క ప్రశ్న ఒక జీవితానికి దారి చూపినది.

శరత్తు ఆరంభమే ఈ యాత్రలకు అనువైన కాలమని అనుభవజ్ఞులు ఎందుకంటారు? అది పక్షిలోకంలో రాకపోకల సంధికాలం. తొలకరితో ఆఫ్రికా నుండి వచ్చిన చాతకం తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుంది. వానకాలమంతా గూళ్లు అల్లి పిల్లలను పెంచిన గిజిగాడు తన పసుపుపచ్చని పెండ్లి దుస్తును విడిచి మామూలు పిచ్చుకవంటి రంగుకు దిగుతుంది. గడ్డిలో పుట్టిన పూరేడు పిల్లలు ఎగర నేర్చి ఉంటవి. అదే సమయంలో ఉత్తరదేశాల నుండి కొత్త అతిథులు దిగుతవి. తోక ఆడించే జిట్టంగులు చెరువు గట్టులమీద ప్రత్యక్షమవుతవి. రష్యా, కజకిస్తాను మైదానాలలో గూళ్లు కట్టే పిల్లిగద్దలు మన గడ్డిమీద నేలకు జానెడెత్తున తేలుతూ మిడతలనూ చిట్టెలుకలనూ వెదకుతవి. వీటి అలవాటు ఒకటి విచిత్రమైనది. తక్కిన గద్దలవలె రాత్రి చెట్టుకొమ్మను ఆశ్రయించక, సాయంకాలం గుంపుగా చేరి గడ్డి నడుమ నేలమీదనే నిద్రిస్తవి. వేలకొలది కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షికి మోమిన్‌పేట్‌లో కావలసినది చెట్టు కాదు, కోయని గడ్డి.

ఔత్సాహికుని దినచర్య ఈ పక్షుల దినచర్యను అనుసరించి ఉంటుంది. పొద్దు పొడిచే వేళకు అతడు గడ్డి అంచున చేరి ఉండవలె. భరతపక్షి పాడుతూ ఆకాశంలోకి నిట్టనిలువుగా లేచేది అప్పుడే. సూర్యుడు వెనుకవైపు ఉండేటట్లు నిలబడితే రెక్కల రంగులు నిజంగా కనబడుతవి. ఎగిరే పక్షిని స్పష్టంగా పట్టుటకు కెమెరా తలుపు సెకనులో రెండువేలవ వంతు కాలం మాత్రమే తెరుచుకోవలె. దూరాన్ని దగ్గర చేసే 400 లేక 600 మిల్లీమీటర్ల లెన్సును నిలకడగా పట్టుకొనుట ఒక వ్యాయామం. పొద్దెక్కిన కొద్దీ నేల వేడెక్కి గాలి అదురుతుంది. ఎంత మంచి కెమెరాకైనా బొమ్మ మసకబారుతుంది. కావున అతని పని సూర్యోదయం నుండి మూడు గంటలలో, మళ్లీ సూర్యాస్తమయానికి ముందు గంటన్నరలో ముగుస్తుంది. తక్కిన కాలమంతా నిరీక్షణ. మోటారుబండిలో కదలక కూర్చున్న మనిషిని పక్షి అంతగా లెక్కచేయదు. దిగి రెండడుగులు వేసినంతనే లేచిపోతుంది.

ఈ సత్యం మన ప్రబంధకవికి తెలియనిది కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరును వర్ణిస్తూ, రెక్కలలో తలలు దూర్చుకొని కాలువలలో నిద్రించే బాతులను చిత్రించినాడు. ప్రాతఃస్నానం చేసిన బ్రాహ్మణులు మరచిపోయిన తడిబట్టలు కాబోలునని తలారులు వాటిని తీయబోతారు. బాతులు ఒక్కసారిగా పరుగెత్తుతవి. చేను కాచే స్త్రీలు నవ్వుతారు. నిద్రించే బాతు తల ఎక్కడ పెట్టుకొంటుందో కవి దూరంగా నిలిచి చూచినాడు. దగ్గరకు పోయి చేయి చాచిన తలారికి బాతూ దక్కలేదు, బట్టా దక్కలేదు. పక్షిని చూచుటకు మొదటి నియమం దూరం పాటించడమని ఇంతకంటె హాయిగా చెప్పినవారు లేరు.

ఇక ఈ కాలంలో మోమిన్‌పేట్ దారిలో అందరి కన్నూ వెదకేది పాలపిట్ట. కరెంటు తీగమీద మట్టిరంగు ముద్దవలె కూర్చొని ఉంటుంది. మిడతను చూచి రెక్క విప్పినంతనే లేతనీలం, ముదురునీలం పట్టెలు పట్టెలుగా మెరుస్తవి. మేతలో దీని ఈకలు కలిపి పెడితే ఆవు పాలు ఎక్కువగా ఇస్తుందనే పాత నమ్మకం ఆ పేరులో నిలిచి ఉన్నదంటారు. సమైక్య ఆంధ్రప్రదేశ్‌కు ఇది రాష్ట్రపక్షి. 2014లో ఏర్పడిన తెలంగాణమూ దీనినే ఎన్నుకొన్నది. శ్రద్ధగా చూచేవానికి సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో దీని దాయాది కూడా ఎదురుకావచ్చు. అది కాశ్మీర పాలపిట్ట. ఐరోపా మొదలు మధ్య ఆసియా వరకు పిల్లలను పెంచి, శీతకాలానికి ఆఫ్రికా చేరుతూ మార్గమధ్యంలో మన వైపు కొద్ది దినాలు ఆగుతుంది. మన పిట్ట రొమ్ము గోధుమవన్నె. దానిమీద తెల్లని గీతలుంటవి. బాటసారి పిట్టకు తల, రొమ్ము, పొట్ట అన్నీ లేతనీలమే. రెంటినీ వేరుచేసి గుర్తించి తేదీతో వ్రాసుకొన్నవాడు రెండు ఖండాల నడుమ సాగే ప్రయాణానికి సాక్షి అవుతాడు.

విజయదశమినాడు పాలపిట్టను చూడడం శుభమని తెలుగువారి నమ్మకం. అజ్ఞాతవాసం ముగించుకొని వచ్చే పాండవులకు ఈ పిట్ట కనబడినదనీ, అది మొదలు వారికి జయమే కలిగినదనీ చెప్పుకొంటారు. పండుగనాడు ఊరివారందరూ పొలిమేర దాటి, జమ్మిచెట్టుకు మ్రొక్కి, పొలాలవైపు కన్నులు త్రిప్పే ఈ ఆచారం పక్షివీక్షణం కాక మరేమిటి? దుర్భిణి పుట్టకముందే మన గ్రామాలకు అలవడిన విద్య ఇది. కాని పట్టణాలు పెరిగిన తరువాత పొలిమేర దూరమైనది. పిట్ట దగ్గరకు మనిషి పోవడానికి బదులు మనిషి దగ్గరకు పిట్టను తెచ్చే వ్యాపారం పుట్టినది. పండుగకు ముందే వలవేసి పట్టి, కాళ్లూ రెక్కలూ కట్టి, పంజరంలో పెట్టి, వీధివీధికీ తిప్పి పైసలు పుచ్చుకొని చూపుతారు. తిండి లేక, రెక్క చెదిరి చచ్చే పిట్టలు కొన్ని. విడిచినా ఎగరలేనివి కొన్ని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. కట్టుబడిన రెక్కలో జయసూచన ఎక్కడిది? పాండవులకు కనబడినది పంజరంలోని పిట్ట కాదు గదా.

అంతకంటె ఆలోచింపదగిన విషయం మరొకటి ఉన్నది. బతుకమ్మకు కావలసిన తంగేడు, గునుగు ఎక్కడివి? వాటిని ఎవరూ నారుపోసి పెంచలేదు. గట్లమీద, చెలకలలో, బీళ్లలో అవి తమంత తామే పూస్తవి. దసరాకు కావలసిన పాలపిట్ట ఎక్కడిది? అదీ తెరపి నేలల మిడతలను తిని బ్రతికినదే. తొమ్మిది దినాల పండుగకు పువ్వునూ, పదవనాటి పండుగకు పిట్టనూ ఇచ్చినది ఒకే నేల. దానినే మనం పనికిరానిదంటున్నాము. ఎన్కతల గడ్డిలో ఔత్సాహికుడు తీసిన ఛాయాచిత్రాలను వరుసగా పేర్చి చూస్తే ఈ మాటకు సమాధానం దొరుకుతుంది. పిల్లిగద్ద, పూరేడు, తీతువు, భరతపక్షి, పాలపిట్ట, సీతాకోకచిలుకలు, తూనీగలు ఆ బంజరులోని పంట.

ఈ పంట తరిగిపోతున్నది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి అనే నివేదిక 942 జాతులను పరిశీలించినది. గడ్డిభూములవంటి తెరపి నేలలను నమ్ముకొన్న పక్షులు తక్కినవాటికంటె వేగంగా తగ్గుతున్నవని అది చెప్పినది. తరుగుతున్న జాతులలో పాలపిట్టను కూడా చేర్చి, అంతర్జాతీయ ఎర్రజాబితాలో దాని స్థానాన్ని మరల పరిశీలించవలెనని సూచించినది. వీధివీధినా కనబడుతున్నదని మనం అనుకొనే పక్షి సంగతి ఇది. ఈ లెక్క ఎవరు కట్టినారు? దేశమంతటా సుమారు 30,000 మంది పక్షివీక్షకులు వ్రాసి పంపిన 3 కోట్ల నమోదులు దీనికి ఆధారం. వారిలో అత్యధికులు ఔత్సాహికులే. ఒక ఆదివారం మోమిన్‌పేట్‌లో వ్రాసుకొన్న నాలుగు పేర్లు అల్పంగా తోచవచ్చు. ఇరవై ఏండ్ల ఆదివారాలు చేరినపుడు అవి శాస్త్రమవుతవి. చూచినవాడు వ్రాయకపోతే, ఒక పక్షి తగ్గినదని చెప్పడానికి వృద్ధుల జ్ఞాపకం తప్ప వేరే ఆధారం మిగలదు.

కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడు చరిత్ర ఇందుకు హెచ్చరిక. బట్టమేకపిట్ట కోసం 1988లో అక్కడి గడ్డిభూమిని అభయారణ్యంగా ప్రకటించినారు. హద్దు లోపలి గడ్డి నిలిచినది గాని, చుట్టూ ఉన్న బీళ్లు క్రమంగా సేద్యంలోకి పోయినవి. బట్టమేకపిట్ట అక్కడ దాదాపు కనుమరుగైనది. పక్షికి మన కంచె తెలియదు. దానికి తెలిసినది గడ్డి ఒక్కటే. వికారాబాదు జిల్లాలోనూ రాజధాని సమీపంలో ఉన్న ప్రతి బీడూ రేపో మాపో ఇండ్లస్థలమయ్యే కాలమిది. మేలు చేయబోయి కీడు చేసే మార్గమూ ఒకటి ఉన్నది. ఖాళీ నేల కనబడినంతనే మొక్కలు నాటించుట మన పాఠశాలలకు అలవాటు. ఊరిలో, బాటప్రక్కన, బోడిగుట్టమీద చెట్టు నాటుట పుణ్యమే. కాని సహజమైన గడ్డిభూమిని తోటగా మార్చితే, నేలమీద గూడు పెట్టే భరతపక్షికీ, నేలమీద నిద్రించే పిల్లిగద్దకూ నిలువనీడ పోతుంది. వాటికి గడ్డియే నీడ.

అయితే ప్రేమించేవాడు కూడా అపకారం చేయగలడు. మంచి బొమ్మకోసం గడ్డిలోకి మోటారుబండి తోలితే చక్రాల క్రింద గూళ్లు నలుగుతవి. ముద్రించిన కూత వినిపించి పిలిస్తే, పిట్ట తన తిండి మాని లేని శత్రువును వెదకుతుంది. గూటి దగ్గర గంటసేపు కూర్చొంటే తల్లి రాక గుడ్లు చల్లారుతవి. అనుభవజ్ఞులు గూటి జోలికే పోరు, దారి విడిచి బండిని దింపరు. పిట్ట తల ఎత్తి చూచి మేత మానినదంటే తాము హద్దు దాటినామని గ్రహించి వెనుకకు తగ్గుతారు. బొమ్మ తప్పినా వారికి చింత లేదు.

ఈ విద్య నేర్చుకొనుటకు ఖరీదైన కెమెరా అవసరం లేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, నిలకడ గల కన్ను చాలును. తేదీ, వేళ, చోటు, పక్షి పేరు, ఎన్ని కనబడినవి, ఏమి చేస్తున్నవి అనే ఆరు విషయాలు వ్రాస్తే ఒక నమోదు అవుతుంది. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, తోక, నడక వ్రాయవచ్చును. లేదా పశువుల కాపరిని అడగవచ్చును. పిట్టల తెలుగు పేర్లు నిఘంటువులకంటె అతని నోటిలోనే ఎక్కువగా బ్రతికి ఉన్నవి. ఏడవ తరగతి బాలిక ఒక్కతె తమ ఊరి బీడును ఒక్క సంవత్సరం ఇట్లు గమనించి వ్రాస్తే, ఆ ఊరికి అంతవరకు లేని గ్రంథమొకటి ఏర్పడుతుంది. ఆ బీడును ఏదో ఒక పనికి అప్పగించవలసిన దినం వచ్చినపుడు, అక్కడ ఏమీ లేదనేవారి ఎదుట పెట్టుటకు ఊరివారి చేతిలో ఆ పుస్తకం ఉంటుంది.

రానున్న దసరా ఉదయాన పంజరం మోసుకొని వచ్చేవానికి పైసలివ్వక, పిల్లలను వెంటబెట్టుకొని పొలిమేరవరకు నడిచే ఉపాధ్యాయులు ఊరికి ఒక్కరున్నా చాలును. తీగమీద పాలపిట్ట కనబడితే మంచిదే. కనబడకపోతే ఆ సంగతినీ తేదీ వేసి వ్రాసుకోవలె. లేదనే మాట కూడా లెక్కలో ముఖ్యమైనదే.