పాత జీపు ఇంజను రంగు

రెండవ ప్రపంచయుద్ధము 1945 లో ముగిసినది. ఆ యుద్ధమున సేనలను మోసిన జీపులలో కొన్ని నేటికిని పాత కొట్టములలోను, చెట్లక్రిందను తుప్పు పట్టి పడియున్నవి. వానిని వెదకి తెచ్చి, చెడిన భాగములను బాగుచేసి, తిరిగి నడచునట్లు చేయు ఉత్సాహవంతులు అమెరికా, ఇంగ్లండు, ఫ్రాన్సు మొదలగు దేశములందు పెక్కుమంది కలరు. బండి నడచినంత మాత్రమున వీరికి తృప్తి కలుగదు. కర్మాగారమునుండి వెలువడిన నాడు అది ఎట్లుండెనో తిరిగి అట్లే యుండవలెనని వీరి పట్టుదల. చక్రములు దొరకును, ఆసనముల గుడ్డ దొరకును, దీపములును దొరకును. తుదకు మూత ఎత్తి చూచినప్పుడు ఒక చిన్న ప్రశ్న ఎదురగును. ఇంజనుకు ఏ రంగు వేయవలెను?

ప్రశ్న చిన్నదే కాని, దీనిని గూర్చి అనుభవశాలులు సంవత్సరముల తరబడి వాదించుకొనిరి. ఆ వాదము అర్థమగుటకు జీపు పుట్టిన కథ కొంత తెలియవలెను.

1940 వ సంవత్సరమున అమెరికా సైన్యాధికారులు తేలికయైన చిన్న బండి యొకటి కావలెనని 135 కంపెనీలకు వర్తమాన మంపిరి. నమూనా బండిని 49 దినములలో తెచ్చి చూపవలెనని వారి నిబంధన. ఆ గడువులోపల బండిని తెచ్చినది పెన్సిల్వేనియా రాష్ట్రమున బట్లరు పట్టణమందున్న బాంటం అను చిన్న కంపెనీ. కారల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరు దాని రూపము గీసెను. సెప్టెంబరు 23 వ తేదీన ఆ బండి మేరీలాండులోని హోలాబర్డు శిబిరమునకు చేరెను. కాని సైన్యము కోరిన వేలకొలది బండ్లను చేసి యిచ్చు శక్తి బాంటం కంపెనీకి లేదని అధికారులు తలంచిరి. టొలీడో నగరమందలి విల్లీస్ కంపెనీవారి బండికి బలమైన ఇంజను కలదు. డెల్మార్ రూస్ అను ఇంజనీరు దానిని ఎంతయో మెరుగుపరచెను. 1941 లో సైన్యము విల్లీస్ బండినే ఎంచుకొనెను. శ్రమ బాంటముది, ఫలము ఇతరులది అయ్యెను. యుద్ధకాలమున ఒక్క కర్మాగారముపై ఆధారపడుట క్షేమము కాదు గనుక, అదే బండిని అదే కొలతలతో చేయుమని ఫోర్డు కంపెనీకిని ఉత్తరువిచ్చిరి. విల్లీస్ చేసిన బండికి ఎం.బి. అనియు, ఫోర్డు చేసినదానికి జి.పి.డబ్ల్యు. అనియు పేర్లు. ఈ రెండవ పేరులోని చివరి అక్షరము విల్లీస్ ఇంజనును సూచించును. యుద్ధము ముగియులోపల విల్లీస్‌వారు రమారమి 3,60,000 బండ్లను, ఫోర్డువారు రమారమి 2,80,000 బండ్లను చేసిరి.

రెండు బండ్లలోని ఇంజనును ఒక్కటే. నాలుగు సిలిండర్లు, రమారమి 2,200 ఘన సెంటీమీటర్ల పరిమాణము, 60 అశ్వశక్తి. ఒకదాని భాగము మరియొకదానికి అమరును. యుద్ధభూమిలో విరిగిన రెండు బండ్లను విప్పి ఒక మంచి బండిని కట్టుకొనుటకు ఈ యేర్పాటు మిక్కిలి ఉపకరించెను. అయినను ఫోర్డువారు తాము చేసిన భాగములపై, తుదకు బోల్టుల తలలపైనను, ఎఫ్ అను అక్షరమును ముద్రించిరి. రంగు విషయమునను ఇట్టి భేదమే కలదు. బండి వెలుపలి రంగు రెండింటికిని ఒక్కటే. లోపలి ఇంజనుకు మాత్రము విల్లీస్‌వారు ఆకుపచ్చ చాయగల రంగును, ఫోర్డువారు బూడిదరంగును వేసిరి. ఇంజను మూతక్రింద నుండునది. శత్రువు కంట పడునది కాదు. పోతఇనుము తుప్పు పట్టకుండ ఏదో యొక పూత యున్న చాలును.

వెలుపలి రంగును ఆలివ్ డ్రాబ్ అందురు. ఎండబారిన చింతాకుపై దుమ్ము పడినట్లుండు రంగు అది. దీనిని చేయుటకు ఆకుపచ్చ రంగే అక్కరలేదు. పసుపుపచ్చని మన్నురంగులో నలుపు కలిపినచో ఈ చాయ వచ్చును. బొమ్మలు వేయు విద్యార్థి రంగుపెట్టెతో ఈ సంగతిని క్షణములో పరీక్షించి చూడవచ్చును. పసుపుపచ్చ, ఆకుపచ్చ అను రెండు పేర్లలోను తెలుగువారు పచ్చ యను మాటనే నిలుపుకొనుట ఈ సందర్భమున గమనింపదగినది. పసుపునకును ఆకుపచ్చకును గల ఈ చుట్టరికమే ఇంజను రంగును గూర్చిన తగవునకు కారణమైనది. ఆ సంగతి ముందు తెలియగలదు.

విల్లీస్ ఇంజను ఆకుపచ్చ, ఫోర్డు ఇంజను బూడిదరంగు అని తెలిసిన పిమ్మట ఇక వాదమేల? మూత ఎత్తి చూచినప్పుడు కనబడు రంగు తొలి రంగు కాకపోవుటయే వాదమునకు కారణము. సైన్యమందు అరిగిన ఇంజనులను పెద్ద మరమ్మతుశాలలకు పంపి, విప్పి, క్షారజలములో ముంచి, శుభ్రపరచి, తిరిగి కట్టుచుండిరి. క్షారజలమున తొలిరంగు ఊడిపోవును. అప్పుడు చేతి కందిన డబ్బాలోని రంగును వేయుదురు. ఫోర్డు ఇంజను విల్లీస్ బండిలోనికి వచ్చును. విల్లీస్ ఇంజను ఫోర్డు బండిలోనికి పోవును. యుద్ధానంతరము ఈ బండ్లు రైతులకు, గుత్తేదారులకు అమ్ముడుపోయెను. వారు తమ కిష్టమైన ఎఱుపో, నీలమో పూసిరి. మనదేశమున మరియొక చిక్కు కలదు. స్వాతంత్ర్యానంతరము బొంబాయిలో మహీంద్రా కంపెనీవారు విల్లీస్ జీపులను కూర్చి అమ్మిరి. వానిలో తరువాత వచ్చిన ఇంజనుకు కవాటములలో కొన్ని పైనుండును. యుద్ధకాలపు ఇంజనులో అన్నియు ప్రక్కనే యుండును. కావున రంగు చూచుటకు ముందు ఇంజను ఏదో చూడవలెను; దానిపై పొడిచిన సంఖ్యను చదువవలెను.

సంఖ్యను బట్టి ఇంజను ఫోర్డుదని తేలిన తరువాతను మోసపోవుటకు వీలు కలదు. పైపూతలను గీకగా అడుగున ఆకుపచ్చ చాయగల బూడిదరంగు కనబడును. చూచినవాడు ఫోర్డువారును ఆకుపచ్చ రంగే వాడిరని నిశ్చయించుకొనును. నిజ మది కాదు. ఆనాటి రంగులు ఎండు నూనెలతో చేసినవి. అవిసెనూనె వంటి నూనె గాలిలోని ఆమ్లజనిని గ్రహించి గట్టిపడును; కాలక్రమమున పసుపు వన్నెకు తిరుగును. వెలుతురు సోకినచో ఆ పసుపు కొంత విరిగిపోవును. చీకటిలో నున్నచో నిలిచిపోవును. వేడి తోడైనచో హెచ్చును. తెల్లని నూనెరంగు వేసిన తలుపుపై చిరకాలము వ్రేలాడిన పటమును తీసినప్పుడు దాని వెనుక పసుపుమరక కనబడుట ఇందువలననే. ఇక జీపు ఇంజను సంగతి చెప్పనేల? మూతక్రింద చీకటి, ఎడతెగని వేడి, దానిపై చమురు పొగ. బూడిదరంగున నలుపు కలదు. దానికి నూనెలోని పసుపు తోడయ్యెను. నలుపును పసుపును కలియగా ఏ చాయ వచ్చునో పైన చెప్పబడినదే.

ఈ భ్రమను తొలగించుకొనుట కొక సులభోపాయము కలదు. ఊడిన పెచ్చును కిటికీవద్ద ఎండ తగులుచోట కొన్ని వారములు ఉంచవలెను. చాయ నూనెవలన వచ్చినదైనచో తగ్గి, బూడిదరంగు తేటపడును. మన్నురంగువలన వచ్చినదైనచో ఎండకు మారదు.

పూతల చరిత్రను తెలిసికొనుటకు ఓపిక కావలెను. సన్నని ఎమరీ కాగితమును నీటితో తడిపి, రూపాయి బిళ్లంత చోట మెల్లమెల్లగా రుద్దుదురు. నడుమ లోతుగాను, అంచున తేలికగాను రుద్దగా, పూతలన్నియు చెట్టు మొద్దులోని వలయములవలె ఒకదానిచుట్టు ఒకటి కనబడును. నడుమ ఇనుము, దానిచుట్టు ప్రైమరు, ఆపైన తొలిరంగు, తరువాత మరమ్మతుశాల రంగు, కడపట రైతు వేసిన రంగు. పొడిగా రుద్దుట ప్రమాదము; పాతరంగులలో సీసము కలిసియుండును, ఆ ధూళి ఊపిరితో లోనికి పోయిన విషము. తొలిరంగు చెడకుండ దాగియుండు చోటులు కొన్ని కలవు. డైనమో పట్టీ క్రిందను, చమురు వడపోత పాత్ర వెనుకను, ఎవరును విప్పని మూతల అంచునను వెదకవలెను. మ్యూజియములవారు చిన్న పెచ్చును జిగురుముద్దలో గట్టిపరచి, నునుపుచేసి, సూక్ష్మదర్శినితో చూచెదరు.

దొరికిన రంగునకు సరియైన పేరు పెట్టుట మరియొక పని. అమెరికా ప్రభుత్వము 1956 లో 595 అను సంఖ్యతో ఒక రంగుల పట్టికను ప్రకటించెను. అందు ప్రతి రంగునకును ఐదు అంకెలు. మొదటి అంకె నిగనిగను తెలుపును: 1 అయినచో మెఱపు, 2 అయినచో సగము మెఱపు, 3 అయినచో మెఱపులేమి. రెండవ అంకె రంగు జాతిని తెలుపును. 4 ఆకుపచ్చ, 6 బూడిద. పట్టిక మిక్కిలి సౌకర్యమైనదే. కాని జీపులను చేయుట ముగిసిన పదునొకండేండ్లకు వచ్చిన పట్టికలోని అంకె, జీపు రంగునకు దగ్గర పోలికయే గాని జన్మపత్రము కాదు. అంకెను చెప్పి దుకాణమున డబ్బా కొనుటకంటె, పెచ్చునే తీసికొనిపోయి పగటి వెలుతురున సరిచూచి కలిపించుకొనుట మేలు.

తొందరపడువారు ఇసుకను గాలితో చిమ్మి ఇంజనును ఒక్క గంటలో తళతళలాడజేయుదురు. అంతటితో వలయములన్నియు పోవును; మరల వచ్చునవి కావు. కొన్ని వస్తువుల విషయమున ఇంతకంటె పెద్ద నష్టమే జరిగినది. 1943 ఏప్రిల్‌లో బ్రిటిషువారు ట్యునీషియాలో పట్టుకొన్న 131 వ సంఖ్యగల జర్మను టైగరు టాంకు ఇంగ్లండులోని బోవింగ్టన్ మ్యూజియమున నున్నది. దాని సొంత ఇంజనును లోపలి నిర్మాణము కనబడుటకై పూర్వమే కోసి ప్రదర్శనకు పెట్టిరి. 1990 లో టాంకును బాగుచేయ నారంభించినప్పుడు మరియొక టాంకు ఇంజనును తెచ్చి అమర్చవలసివచ్చెను.

మరమ్మతుశాలలో విల్లీస్ బండిలో పెట్టిన ఫోర్డు ఇంజనుకు ఏ రంగు తగును? కర్మాగారపు బూడిదరంగా, మరమ్మతుశాల పూతయా? ఆ బండి ఏయే యుద్ధములను చూచెనో, అప్పుడు దానిలో ఏ యింజను ఉండెనో తెలిసినచో రెండవదే సత్యమని కొందరి మతము. కొత్తగా పుట్టిన నాటి రూపమే కావలెననువారు మొదటిదానిని కోరుదురు. ఇరువురును ఒక విషయమున ఏకీభవింతురు: బోల్టులకు వెండివలె మెఱయు పూతలు వేసి, పోతఇనుమును అద్దమువలె నునుపుచేసి చూపుట జీపునకు తగదు.

రంగు నిశ్చయించిన పిమ్మట పని త్వరగా సాగును. జిడ్డు పోవునట్లు కడిగి, వేడికి ఓర్చు రంగును పలుచగా రెండుమారులు చిమ్ముదురు. పొగ వెలువడు గొట్టము మాత్రము ఎఱ్ఱగా కాలును గనుక దానిపై మామూలు రంగు నిలువదు. జాగరూకులు సంఖ్య ప్రక్కన అరచేయి వెడల్పున పాత పూతను ముట్టక విడిచిపెట్టి, దానిపై పారదర్శకమైన వార్నిషు పూయుదురు. క్రొత్త బూడిదరంగు నడుమ అది మాసిన అతుకువలె కనబడును.