పదెకరాల పూలమొక్క, దాని పక్కనే లిథియం గని

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, సిల్వర్ పీక్ కొండల మధ్య రయొలైట్ రిడ్జ్ అనే చోటు ఉంది. సుమారు 6 వేల అడుగుల ఎత్తు, వాన అంతంత మాత్రం. తెల్లగా పాలిపోయిన బంకమట్టి, అందులో బోరాన్, లిథియం దండిగా ఉంటాయి. చాలా మొక్కలకు గిట్టని ఆ నేల మీదే టీమ్ బక్‌వీట్ అనే మొక్క బతుకుతోంది. నేలకు అతుక్కుని గుబురుగా పెరుగుతుంది. బూడిదరంగు ఆకులు, వాటి మధ్య నుంచి లేచే ఆకుల్లేని సన్నని కాడలు, ఎండాకాలం మొదట్లో వాటి చివర లేతపసుపు పూలగుత్తులు. ఉత్తరాదిలో ఉపవాసాలకు వాడే కుట్టు ధాన్యానిదీ దీనిదీ ఒకే కుటుంబం. వృక్షశాస్త్రవేత్త ఆర్నాల్డ్ టీమ్ దీన్ని 1983లో మొదటిసారి సేకరించారు. ప్రపంచంలో ఇది మరెక్కడా లేదు. ఉన్నచోటైనా ఎనిమిది చిన్న ముక్కలుగానే ఉంది, అన్నీ కలిపితే దాదాపు పదెకరాలు.

2019 లెక్కలో మొక్కలు 40 వేలకు పైగా తేలాయి. అన్ని వేలుంటే ప్రమాదమేమిటని అడిగేవాళ్లకు మరుసటి ఏడాదే జవాబు దొరికింది. 2020 వేసవి చివర్లో సగానికి పైగా మొక్కలు దెబ్బతిన్నాయి, చాలా వేళ్లతో సహా పెకలిపోయాయి. మనుషుల పనేమోనన్న అనుమానం వచ్చింది. వేళ్ల మీద దొరికిన డీఎన్ఏని పరీక్షిస్తే నేల ఉడుతల జాడ బయటపడింది. కరువులో నీటి కోసం అవి లావాటి తల్లివేళ్లను కొరికాయని శాస్త్రవేత్తలు భావించారు. వందల మైళ్లు పరుచుకున్న జాతికి ఇలాంటి దెబ్బ ఒక మూల తగిలి మానిపోతుంది. పదెకరాల్లో ఇరుక్కున్న జాతికి ఒక్క వేసవిలోనే సగం ప్రాణం పోతుంది. అందుకే ఇలాంటి మొక్క భవిష్యత్తును తల లెక్కతో కాదు, దానికి మిగిలిన నేలతో కొలవాలి.

2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం దీన్ని అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది. పదెకరాల మొక్కకు 910 ఎకరాలను కీలక ఆవాసంగా ప్రకటించింది. అన్ని ఎకరాలెందుకన్నది న్యాయమైన ప్రశ్నే. ఈ పూలకు పుప్పొడి మోసే తేనెటీగలు, కందిరీగలు, ఈగలు మొక్కల మధ్యే కాపురం ఉండవు. వాటి గూళ్లు, మేత చుట్టుపక్కల నేలలోనే ఉంటాయి. కీటకాలు తిరిగే దూరాన్ని బట్టి మొక్కల చుట్టూ 500 మీటర్ల వరకు లెక్కలోకి తీసుకున్నారు. అయితే 2024 అక్టోబరులో అక్కడే అయొనీర్ కంపెనీ తలపెట్టిన లిథియం, బోరాన్ గనికి అనుమతి వచ్చింది. కంపెనీ ప్రణాళిక మార్చుకుని మొక్కల్ని నేరుగా తవ్వకుండా వదిలింది, అది ఒప్పుకోవాల్సిన మార్పే. అయినా ఆ ఆవాసంలో దాదాపు ఐదోవంతు గని పనుల కిందికి పోతుంది. మొక్కను ఉంచి దాని చుట్టూ గొయ్యి తవ్వి, పక్కనే లారీలు తిప్పితే, దుమ్ము ఆకుల మీద పడుతుంది, కీటకాలకు చోటు తగ్గుతుంది. అధికారులు ఇది జాతి ఉనికికే ముప్పు కాదని తేల్చారు. ఉన్న నేలే ఇంత కొద్దిగా ఉన్నప్పుడు ఆ భరోసా నాకు చాలదు.

గని వైపు వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. అక్కడి లిథియం ఏటా 3,70,000 విద్యుత్ వాహనాలకు సరిపోతుందని అంచనా. పెట్రోలు పొగ తగ్గాలంటే బ్యాటరీలు కావాలి. భూమి వేడెక్కితే ఈ ఎడారి కొండలకూ ముప్పే. కానీ లిథియం ఈ ఒక్క కొండలోనే లేదు. ఈ కొండ ఉన్న కౌంటీలోనే సిల్వర్ పీక్ ఊరి దగ్గర 1960ల నుంచీ ఉప్పునీటి నుంచి తీస్తున్నారు, ఉత్తర నెవాడాలో థాకర్ పాస్ నిక్షేపం ఉంది. లిథియానికి వేరే చోట్లున్నాయి, ఈ మొక్కకు లేవు. నర్సరీలో పెంచి వేరేచోట నాటితే పోలేదా అంటే, పరిశోధన కోసం బయట నాటిన నారును ఎలుకజాతి జంతువులు తినేశాయి. కుండీలో మొలవడం వేరు, కొండమీద తరతరాలు విత్తనం రాల్చుకుని నిలవడం వేరు. విత్తనాల నిల్వ ఉండాల్సిందే, కానీ అది ఆవాసానికి బదులు కాదు.

పనికిరాని పువ్వు కోసం ఇంత రాద్ధాంతమా అనేవాళ్లూ ఉన్నారు. చాలా మొక్కలకు గిట్టని బోరాన్ నేలలో ఈ మొక్క ఎలా నిలదొక్కుకుందన్నదే ఉప్పుతేలిన పొలాలున్న ప్రపంచానికి పనికొచ్చే ప్రశ్న. కడప జిల్లాలో కలివికోడి అనే అరుదైన పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చినప్పుడూ ఇలాంటి మాటే వినిపించింది. అయినా కాలువను పక్కకు జరపగలిగారు. అలాగే రయొలైట్ రిడ్జ్‌లోనూ తవ్వకం హద్దును ఆ 910 ఎకరాల బయటికి జరపాలి. అలా జరిపితే గిట్టుబాటు కాదని తేలితే, ఆ గనికి అది సరైన చోటు కాదు.