చక్రాల మీది ఇల్లు: ఇంటిల్లిపాదికీ సరిపడే బండి ఏది?

బిలాస్‌పూర్ నగరంలో అర్పా నదికి ఆవలి ఒడ్డున ఉన్న పేట సర్కండా. రైలు ఉద్యోగాల వల్ల తాతల కాలంలో ఈ రైల్వే పట్టణానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ప్రయాణం కొత్త కాదు. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవమైనా, సింహాచలంలో చందనోత్సవమైనా, శ్రీకాకుళం జిల్లాలోని ఏ పల్లెలోనో మేనకోడలి పెళ్ళయినా ఇంటిల్లిపాదీ కదలవలసిందే. తాత, మామ్మ, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, ఇంకా పెళ్ళికాని కూతురు, నలుగురు పిల్లలు కలిస్తే పదకొండుమంది. ఇంతమందికీ ఒకేచోట కూర్చునే వీలు, పడుకునే వీలు, వండుకునే వీలు ఉన్న బండి ఒకటి ఉంటే ఎంత బాగుంటుందన్న కోరిక సహజం. ఆ కోరిక తీరుస్తామంటూ కారవాన్‌లు, క్యాంపర్ వాన్‌లు, మోటార్ హోమ్‌లు నేడు మన దేశంలోనూ అద్దెకు, అమ్మకానికి దొరుకుతున్నాయి.

అయితే ఈ ఎంపికలో పొరపాటు జరిగితే నష్టపోయేది డబ్బు ఒక్కటే కాదు. పదకొండు ప్రాణాలు ఒక బండిని నమ్ముకుని ఘాట్ రోడ్డు దిగుతాయి. అందుచేత తళతళలాడే వంటగదిని, మెత్తటి పరుపులను చూసి మురిసిపోవడానికి ముందు కొన్ని లెక్కలు వేసుకోవడం మంచిది.

రైలుపెట్టె నుంచి రోడ్డు మీదికి

చక్రాల మీది ఇంటికీ రైలుకూ ఉన్న చుట్టరికం పాతదే. విహారం కోసం కట్టిన తొలి కారవాన్‌గా పేరుపొందినది ఇంగ్లండులో నివసించిన డాక్టర్ విలియం గార్డన్ స్టేబుల్స్ 1885లో చేయించుకున్న ‘వాండరర్’. గుర్రాలు లాగిన ఆ బండిని నిర్మించింది బ్రిస్టల్‌లో రైలు వాగన్లు తయారుచేసే సంస్థ. మోటారు యుగం వచ్చాక జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ వాన్‌ను 1951 నుంచి వెస్ట్‌ఫాలియా సంస్థ క్యాంపర్‌గా మలచసాగింది. భారత ప్రభుత్వ పర్యాటక శాఖ కారవాన్ యాత్రలను ప్రోత్సహించే విధానాన్ని 2009–10 ప్రాంతంలో రూపొందించింది. 2021లో కేరళ, మహారాష్ట్ర తమ సొంత కారవాన్ విధానాలను ప్రకటించాయి.

బిలాస్‌పూర్ తెలుగువారి కథ కూడా ఆ పాత రోజుల్లోనే మొదలైంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద కూడలిగా మార్చింది. వాల్తేరు కూడా అదే కంపెనీ కిందికి రావడంతో ఉత్తరాంధ్ర నుంచి ఎందరో బ్రతుకుతెరువు వెదుక్కుంటూ ఆ దారి వెంట వచ్చారు. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక రాకపోకలు మరింత సులువయ్యాయి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది. ఈ కుటుంబాలకు చక్రాల మీది ఇల్లంటే తరతరాలుగా తెలిసింది రైలుపెట్టె. కొత్తగా వచ్చిన బండిని దానితో పోల్చి చూడడమే న్యాయం.

పక్కలు ఎన్ని అని కాదు, సీట్లు ఎన్ని అని

అమ్మేవారు మొదట చెప్పేది ఎంతమంది పడుకోవచ్చునన్న సంఖ్య. కొనేవారు మొదట అడగవలసింది ఎంతమంది కూర్చుని ప్రయాణం చేయవచ్చునని. ఈ రెండూ ఒకటి కావు. ఆరుగురు పడుకోగల కారవాన్‌లో బెల్టుతో కూడిన సీట్లు నాలుగే ఉండవచ్చు. బండి నడుస్తుండగా పరుపు మీద పడుకున్న పిల్లవాడికి, హఠాత్తుగా బ్రేకు పడిన క్షణంలో పట్టుకునే ఆధారమేదీ ఉండదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలను బెల్టుతో గాని, పిల్లల ప్రత్యేక సీటులో గాని కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి ఎలా ఉన్నా, ఆ నియమం వెనుక ఉన్న ప్రమాదాన్ని మరచిపోకూడదు.

పదకొండుమందికి పదకొండు సీట్లు, పదకొండు బెల్టులు కావాలి. డ్రైవరును పెట్టుకుంటే పన్నెండు. డ్రైవరు సీటు కాక ఎనిమిది సీట్ల వరకు ఉన్నది ఒక తరగతి, అంతకు మించితే వేరొక తరగతి వాహనం. అంటే పెద్ద కుటుంబం వెదుకుతున్నది కారును కాదు, చిన్న బస్సును. చిన్న బస్సులో పన్నెండు సీట్లు అమర్చాక వంటగదికి, స్నానపుగదికి, పరుపులకు మిగిలే చోటు ఎంత? ‘తాను దూర సందు లేదు, మెడకో డోలు’ అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

బరువు లెక్క

ప్రతి వాహనానికీ రిజిస్ట్రేషను పత్రంలో రెండు బరువులు ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, మరొకటి నిండు బండికి అనుమతించిన గరిష్ఠ బరువు. రెండింటికీ ఉన్న తేడాయే ఆ బండి మోయగల భారం. కారవాన్‌గా మార్చినప్పుడు అల్మరాలు, మంచాలు, నీళ్ళ తొట్టి, బ్యాటరీలు, ఏసీ యంత్రం ఖాళీ బండి బరువును పెంచి, ఈ తేడాను ముందే చాలావరకు తినేస్తాయి.

మిగిలిన దానిలో పదకొండుమంది ఇమడాలి. ఏడుగురు పెద్దలు తలకు 65 కిలోల చొప్పున 455 కిలోలు. నలుగురు పిల్లలు 30 కిలోల చొప్పున 120. మనిషికి 12 కిలోల సామాను అనుకుంటే 132. నీళ్ళు 150 లీటర్లు, అంటే 150 కిలోలే. నిండు గ్యాస్ సిలిండరు సుమారు 30. పరుపులు, వంటపాత్రలు, మడత కుర్చీలు 100. బియ్యం, పప్పు, పచ్చళ్ళు, చుట్టాలకు తీసుకుపోయే పిండివంటలు 40. మొత్తం 1,027 కిలోలు. ఒక టన్నుకు పైమాటే. మోయగల భారం దీనికి తక్కువైతే ఆ బండి ఎంత అందంగా ఉన్నా ఈ కుటుంబానికి పనికిరాదు. బిలాస్‌పూర్ నుంచి రాయపూర్, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా సాలూరు ఘాట్ దిగే దారి ఆరువందల కిలోమీటర్లకు పైబడినది. అధిక భారంతో ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు సడలుతాయి. టైర్లు కూడా ఆ భారానికి తట్టుకోలేవు.

నీరు, మరుగుదొడ్డి

పొదుపుగా వాడినా మనిషికి రోజుకు 15 లీటర్లు కావాలనుకుంటే పదకొండుమందికి 165 లీటర్లు. అంటే 150 లీటర్ల తొట్టి ఒక్క రోజుకు కూడా చాలదు. కదిలించి తీసుకుపోగల మరుగుదొడ్డి పెట్టె సాధారణంగా ఇరవై లీటర్లకు మించదు. ఇంతమంది వాడితే అది ఒక్క రోజులోనే నిండుతుంది. దానిని ఎక్కడ ఖాళీ చేయాలో బయలుదేరేముందే తెలిసి ఉండాలి. వాగులోనో, రోడ్డు పక్క కాలువలోనో పారబోయడం ఏ మర్యాదస్థులూ చేయవలసిన పని కాదు. అందుచేత బండిలోని మరుగుదొడ్డిని రాత్రివేళ మామ్మకు, చిన్నపిల్లలకు మాత్రమే ఉంచి, మిగిలినవారు బసచేసిన చోటి సౌకర్యాలను వాడుకోవడం తెలివైన ఏర్పాటు.

చల్లగాలి కోసం చేటు

మే నెలలో బిలాస్‌పూర్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఇనుప గోడల బండిలో ఏసీ లేకుండా పడుకోవడం కష్టం. అయితే 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండే శక్తి 1,800 వాట్-అవర్లు. మామూలు లెడ్ బ్యాటరీ అయితే పాడవకుండా అందులో వాడుకోగలిగేది సగమే, అంటే 900. వెయ్యి వాట్ల ఏసీ దాని మీద గంటసేపైనా నడవదు. అప్పుడు జనరేటరు వేసుకోవాలన్న ఆశ పుడుతుంది.

ఆ ఆశలో మృత్యువు పొంచి ఉండవచ్చు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన నిలిపి ఉన్న ఒక కారవాన్‌లో ఇద్దరు విగతజీవులై కనిపించారు. జనరేటరు నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ బండిలోకి చేరడమే కారణమని దర్యాప్తులో తేలింది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారిని అది మేల్కొననీయదు. కాబట్టి జనరేటరు నడుస్తున్న బండిలోగాని, దాని పక్కనగాని పడుకోరాదు. మూసిన తలుపుల మధ్య పొయ్యి వెలిగించరాదు. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే చిన్న పరికరాన్ని పడుకునే చోట అమర్చాలి. బయటినుంచి కరెంటు తీసుకునే వీలున్న చోటనే రాత్రి బస చేయాలి. అన్నిటికంటె సులువైన ఉపాయం, యాత్రను ఎండాకాలంలో కాక దసరా తరువాత పెట్టుకోవడం. సిరిమానోత్సవం వచ్చేది ఎలాగూ అప్పుడే.

చట్టం ఏమంటుంది?

పాత వాన్ ఒకటి కొని, తెలిసిన వడ్రంగి చేత మంచాలు కొట్టించుకుంటే చవకగా తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తుంది. మోటారు కారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం విడిగా ఉంది. దాని ప్రకారం ఆమోదం పొంది, రిజిస్ట్రేషను పత్రంలో కారవాన్‌గా నమోదైన బండినే తీసుకోవాలి. లేకుంటే ప్రమాదం జరిగిన రోజున బీమా సొమ్ము చేతికి రావడమే సందేహమవుతుంది.

లైసెన్సు విషయంలో కొంత ఊరట ఉంది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని వాహనాన్ని తేలికపాటి మోటారు వాహనపు లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. అయినా రోజూ కారు నడిపే కొడుకు ఒక్కసారిగా ఎత్తయిన బండితో ఘాట్ దిగడం వివేకం కాదు. బండి ఎత్తు ఎంతో కాగితం మీద వ్రాసి స్టీరింగు ఎదుట అంటించుకోవాలి. కొమ్మలు, కరెంటు తీగలు, రైలు వంతెనలు ఆ ఎత్తును క్షమించవు.

కొనడమా, అద్దెకు తీసుకోవడమా?

ఒక కుటుంబం 30 లక్షలు పెట్టి బండి కొన్నదనుకుందాం. ఏడాదికి 15 రోజులు వాడితే పదేళ్ళలో 150 రోజులు. రోజుకు 20,000 రూపాయలు పడినట్లే. డీజిలు, బీమా, పన్ను, మరమ్మతులు దీనికి అదనం. చివరికి వచ్చే అమ్మకపు ధరను తీసివేసినా ఇది చిన్న మొత్తం కాదు. తక్కిన 350 రోజులు ఆ బండిని ఎక్కడ నిలపాలన్నది మరొక ప్రశ్న. ఇరుకు సందుల్లో ఇల్లున్నవారికి ఇదే మొదటి ప్రశ్న కావాలి.

కాబట్టి మొదట రెండు రాత్రులకు అద్దెకు తీసుకుని చూడాలి. పాతిక కిలోమీటర్ల దూరంలోని రతన్‌పూర్ మహామాయ గుడికో, అమర్‌కంటక్‌కో వెళ్ళిరావచ్చు. మోకాళ్ళ నొప్పులున్న మామ్మ మెట్టు ఎక్కగలుగుతున్నదా, రాత్రి ఎవరినీ లేపకుండా లేచి వెళ్ళగలుగుతున్నదా, పిల్లలకు వాంతులు అవుతున్నాయా అన్నవి ఏ కరపత్రమూ చెప్పదు. ఆ రెండు రాత్రులే చెబుతాయి.

పదకొండుమందికి ఒకే కారవాన్ కుదరదని తేలితే దిగులుపడనక్కరలేదు. పదిహేడు సీట్ల టెంపో ట్రావెలర్ తీసుకుని రాత్రికి సత్రంలోనో హోటల్లోనో దిగడం ఒక దారి. పెద్దవారికి, పసివారికి చిన్న క్యాంపరు, మిగిలినవారికి వెనుక ఒక కారు అన్నది మరొక దారి. ఒక బండి చెడిపోతే మరొకటి ఆదుకుంటుంది.

పాత చుట్టం

ఇక మిగిలినది రైలు. పాత తరహా స్లీపరు పెట్టెలో 72 బెర్తులు, ఎనిమిదేసి బెర్తుల అరలు తొమ్మిది ఉంటాయి. ఒక అర నిండా, పక్క అరలో మూడు బెర్తులు దొరికితే పదకొండుమందీ సుఖంగా పడుకోవచ్చు. నీరు, మరుగుదొడ్డి, డ్రైవరు అన్న చింత లేదు. కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ మీదుగా రాయగడ, విజయనగరం దారినే పోతుంది. అయితే ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి వ్రాయరు కాబట్టి రెండు టికెట్లు తప్పవు. పెద్దవారికి ప్రత్యేకించిన క్రింది బెర్తుల కోటా ఒక్కరు గాని, ఇద్దరు గాని ప్రయాణం చేసే టికెట్టుకే వర్తిస్తుంది. తాతకు, మామ్మకు విడిగా ఒక టికెట్టు తీసుకోవడం అందుకే మేలు.

పెళ్ళివారు అరవై డెబ్బైమంది ఉంటే ఐఆర్‌సీటీసీ ద్వారా పెట్టెనే మాట్లాడుకోవచ్చు. పెట్టెకు 50,000 రూపాయల ధరావతు కట్టి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ముప్ఫై రోజుల ముందు లోపల దరఖాస్తు చేయాలి. అక్కడ కూడా ఒక హెచ్చరిక ఉంది. 2023 ఆగస్టు 26న మదురైలో నిలిపి ఉన్న అటువంటి యాత్రికుల పెట్టెలో, నియమానికి విరుద్ధంగా తెచ్చిన గ్యాస్ సిలిండరు వల్ల మంటలు చెలరేగి తొమ్మిదిమంది మరణించారు. ఇంటి వంట మీద మమకారం పులిహోర, దద్ధోజనం మూటలతో తీరాలి గాని సిలిండరుతో కాదు.

బండిని ఎంచుకునే రోజున ఇంట్లో అందరూ కలిసి కూర్చుని మాట్లాడుకోవాలి. అప్పుడు మొదట అడగవలసింది డబ్బు పెట్టేవారిని కాదు. అందరికంటె పెద్దవారు ఎంతసేపు కూర్చోగలరు, అందరికంటె చిన్నవారు ఎక్కడ భద్రంగా ఉంటారు? ఈ రెండు ప్రశ్నలకు సరైన జవాబు దొరికితే, కారవానో, ట్రావెలరో, రైలుపెట్టో, తక్కిన తొమ్మిదిమందీ అందులో సర్దుకోగలరు.