మంచుగడ్డపై బరువు

శీతకాలమున అమెరికాలోని మిన్నెసోటా సరస్సులు గడ్డకట్టును. అక్కడివారు మంచుగడ్డకు రంధ్రము తొలిచి, గాలముతో చేపలు పట్టుదురు. బరమా, గుడారము, పొయ్యి మొదలగు సామగ్రిని చక్రములు లేని జారుడుబండిపై లాగుకొని పోవుదురు.

బండితో కలిపి బరువు 40 కిలోలనుకొందము. ఘర్షణ గుణకము 0.05 అయినచో, నున్నని మంచుగడ్డపై దానిని లాగుటకు 2 కిలోలను ఎత్తునంతటి బలము చాలును. మంచుగడ్డ ఉపరితలమున నుండు ద్రవమువంటి పలుచని పొరయు, రాపిడి వేడిమికి కరగిన నీరును బండిని జార్చును. మెత్తని హిమము పేరుకొన్నచో ఘర్షణ పెరిగి, లాగుట కష్టమగును.

అయితే తగ్గినది లాగు బలమే గాని బరువు కాదు. మనిషిని, బండిని, సామగ్రిని మోయునది క్రిందనున్న మంచుపలకయే. కనుకనే నడచుటకు కనీసము 4 అంగుళముల స్వచ్ఛమైన మంచుగడ్డ, తెల్లనిదైనచో అందుకు రెట్టింపు మందము ఉండవలెనని ఆ రాష్ట్రపు ప్రకృతి వనరుల శాఖ సూచించుచున్నది. చేతికి తేలికైన బండి మంచుగడ్డకు తేలిక కాదు.