పాత కంప్యూటరును విక్రయించుటకు ముందు



పల్లెలయందు సైతము నేడు కొన్ని గృహములలో కంప్యూటరు కానవచ్చుచున్నది. కొన్నేండ్లకు అది పాతబడును, క్రొత్తది వచ్చును, పాతదానికి బేరము కుదురును. అట్టి తరుణమున యంత్రముతో బాటు ఇంటి గుట్టు కూడ పరుల పాలగుట కలదు. అది యెట్లు జరుగునో, దానిని నివారించు మార్గమేదో సంగ్రహముగ మనవి చేసెదను.

కంప్యూటరునందు మనము దాచుకొను సమస్తమును హార్డుడిస్కు అను భాగమున నిలిచియుండును. పట్టాదారు పాసుపుస్తకపు నకలు, ఆధారు కార్డు ప్రతి, బ్యాంకు లెక్కలు, ఆడబిడ్డల ఛాయాచిత్రములు అన్నియు అందే యుండును. సహకార సంఘపు లెక్కలో, దేవాలయపు చందాల పట్టికయో వ్రాసిన యంత్రమైనచో ఊరివారి వివరములును అందుండును. విక్రయించినవానికి సొమ్ము ముట్టును. గుట్టు బయటపడినచో నష్టపడువారు వేరొకరు కావచ్చును. కావున ఇది ఒక్క ఇంటికి సంబంధించిన విషయము మాత్రమే కాదు.

అనేకులు కాగితములన్నిటిని డిలీటు చేసి, రీసైకిల్ బిన్ను కూడ ఖాళీచేసి, ఇక నేమియు లేదని నిశ్చింతగా నుందురు. ఆ నిశ్చింత తగదు. ఒక పెద్ద లెక్కల పుస్తకమును తలచుకొనుడు. ఫలానా రైతు లెక్క ఫలానా పుటలో నున్నదని మొదట నొక సూచిక యున్నదనుకొందము. ఆ సూచికలో పేరు కొట్టివేసినంత మాత్రమున లోపలి పుటలోని వ్రాత చెరిగిపోవునా? పోదు. పుటలు త్రిప్పువాడు దానిని సుఖముగా చదువగలడు. డిలీటు అనునది ఇట్టిదే. అది పేరు కొట్టివేసి, ఆ స్థలము ఖాళీయని గుర్తు పెట్టును. క్విక్ ఫార్మాటు అనునది పాత సూచికను తీసి క్రొత్త సూచికను పెట్టుట మాత్రమే. లోపలి పుటలను వెదకు సాధనములు ఎవరికైనను లభించును.

అమెరికాలో గార్ఫింకెల్, షెలాట్ అను పరిశోధకులు 158 పాత డిస్కులను కొని పరీక్షించి, 2003లో ఫలితములు ప్రకటించిరి. పనిచేయుచున్న 129 డిస్కులలో సరిగా చెరిపినవి 12 మాత్రమే. మిగిలినవానిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు సంఖ్యలు దొరికినవి.

మరి సరియైన పద్ధతి యేది? వ్రాతమీద వ్రాయుట. డిస్కు మొదటినుండి చివరివరకు సున్నలు నింపినచో పాత వ్రాత మాసిపోవును. 1996లో గుట్‌మన్ అను శాస్త్రజ్ఞుడు 35 పర్యాయములు వ్రాయు పద్ధతిని సూచించెను. అది ఆనాటి డిస్కుల వ్రాతవిధములకు చెప్పిన మాట. నేటి అయస్కాంతపు డిస్కునకు సాధారణముగ ఒక్క పర్యాయము చాలునని అమెరికా ప్రమాణముల సంస్థ 2014లో ప్రకటించిన మార్గదర్శక గ్రంథము చెప్పినది. విండోస్ గల యంత్రములలో రీసెట్ చేయునపుడు "రిమూవ్ ఎవ్రీథింగ్" అనుదానితో బాటు "క్లీన్ డేటా" అనుదానిని కూడ ఎన్నుకొనవలయును. ఇందుకు కొన్ని గంటలు పట్టవచ్చును; తొందరపడరాదు.

ఇటీవలి యంత్రములలో ఎస్సెస్డీ అను వేరొక జాతి డిస్కు ఉన్నది. ఇందు తిరుగు పళ్ళెము లేదు. ఒకే మడి సారము చెడకుండ రైతు మడి మార్చి విత్తినట్లు, ఇది వ్రాసిన చోటనే మరల వ్రాయక వేరొక చోట వ్రాయును. కావున పైని సున్నలు నింపినను పాత వ్రాత ఎక్కడనో మిగిలియుండవచ్చును. దీనికి డిస్కు తయారుచేసినవారే యిచ్చు "సెక్యూర్ ఎరేజ్" అను ఆజ్ఞను వాడవలయును. వేరొక ఉపాయమును గలదు: యంత్రమును కొన్ననాడే డిస్కునంతయు రహస్యలిపిలో నుంచినచో, విక్రయించునాడు ఆ లిపి తాళమును నాశనము చేసిన చాలును. తాళము లేని వ్రాత ఎవ్వరికిని అర్థము కాదు.

చెడిపోయిన డిస్కును చెరుపుట సాధ్యము కాదు. కాని నేర్పరులు దానినుండియు వ్రాతను తీయగలరు. అట్టిదానిని, చెరుపుటపై నమ్మకము కుదరనిదానిని ఊడదీసి యింటనే యుంచుకొని, తక్కిన యంత్రమును విక్రయించుట మేలు. ధర కొంత తగ్గినను చింత యుండదు.

ఇన్నిటికంటె ముందు చేయవలసిన దొకటి కలదు. కావలసినవాని ప్రతులను వేరొక డిస్కునందు భద్రపరచి, తెరచి చూచుకొనవలయును. సరిగా చెరిపినది మరల రాదు.

ఈ పనిని చేయువారు ఇంటి పిల్లలే కావచ్చును. కాని బేరగాడు గడపలోనికి రాకమునుపు వారిని పిలిచి, "నాయనా, వ్రాతను చెరిపితిరా, పేరు మాత్రమే కొట్టివేసితిరా?" అని యడుగు బాధ్యత పెద్దలది. తృప్తికరమగు సమాధానము వచ్చువరకు యంత్రమును గడప దాటనీయకుడు.