డ్రాగన్ క్వెస్టు - జపాను గృహములలో నొక యాట

బిడ్డల యాటలన్నియు కాలహరణమునకే యని త్రోసివేయుట గృహిణులకు సామాన్యము. ఆ యాట యెట్టిది, అది బిడ్డ మనస్సునకు నేమి నేర్పుచున్నది యని విచారించుట యరుదు. ఇట్టి విచారణకు దగిన యొక యుదాహరణమును మా సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

1986వ సంవత్సరము మే నెల 27వ తేదీన జపానులో "డ్రాగన్ క్వెస్టు" అను నాట వెలువడెను. టెలివిజనునకు దగిలించి యాడు "ఫామికామ్" యంత్రము అప్పటికే యచ్చట ననేక గృహములను జేరియుండెను. ఈ యాటను ఎనిక్సు సంస్థవారు ప్రకటించిరి. కథను గల్పించినవారు యూజీ హోరీ. యంత్రమునకు దగినట్లు కూర్చినవారు కోయిచీ నాకామురా. చిత్రకారుడు అకిరా తోరియామా. సంగీతకర్త కోయిచీ సుగియామా.

అంతకు పూర్వమే అమెరికాలో అల్టిమా, విజార్డ్రీ యను నిట్టి యాటలు గలవు. కాని యవి కంప్యూటరు గలవారికే లభ్యములు, క్లిష్టములు. బాలురు సైతము సులభముగా నాడదగిన యాటను హోరీగారు సంకల్పించిరి. వీరుడొకడు రాజకుమార్తెను విడిపించి, దుష్టుడైన డ్రాగన్ ప్రభువును జయించుటయే కథ. ఇదంతయు 64 కిలోబైట్ల స్వల్ప స్థలములో నిమిడ్చిరి. స్థలము చాలక కటకానా లిపిలోని యక్షరములను గొన్నింటిని మాత్రమే వాడుకొనిరి.

ఆట నిలిపి మరునాడు కొనసాగింపవలెనన్న, తెరపై గనబడు 20 అక్షరముల "పునర్జీవన మంత్రము"ను కాగితముపై వ్రాసికొనవలెను. ఒక్క యక్షరము తప్పిన నాటి శ్రమ యంతయు వ్యర్థము! వీరుడు పోరులో నోడినచో ధనములో సగము పోవును గాని, యార్జించిన యనుభవము పోదు. డ్రాగన్ ప్రభువు "లోకములో సగమిత్తును, నాతో జేరుము" అని యాశ జూపును. లోభపడి యొప్పుకొన్నవాని యాట యంతటితో ముగియును. ఇందలి నీతి మన పురాణకథలు వినిన వారికి క్రొత్తది కాదు.

ఐనను దీనివలన జిక్కులును గలిగినవి. 1988 ఫిబ్రవరి 10వ తేదీ, బుధవారమున, మూడవ భాగము వెలువడగా దుకాణములయెదుట జనులు బారులు దీరిరి. బడి యెగవేసివచ్చిన విద్యార్థులను బోలీసులు పట్టుకొనిరి. పనిదినములలో నీ యాట నమ్మరాదని శాసనము చేసిరను వదంతి మాత్రము నిజము కాదు. నాలుగవ భాగము 1990 ఫిబ్రవరి 11న, ఆదివారమున, వెలువడెను.

1987లో వెలువడిన "ఫైనల్ ఫాంటసీ" మొదలగు ననేకములైన యాటలకు నిది మార్గదర్శకమయ్యెను. 1989లో "డ్రాగన్ వారియర్" అను పేర నమెరికాకును బోయెను. 2021లో టోకియో ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవమున క్రీడాకారులు సుగియామాగారి యీ సంగీతముతోడనే ప్రవేశించిరి. ఆ సంవత్సరమే ఆయనయు, 2024లో తోరియామాగారును గతించిరి.

ఆటను నిషేధించుట సులభము. మితము నేర్పుట కష్టము. చదువునకు, నిద్రకు వేళలు నిర్ణయించి, మిగిలిన కొంతసేపు బిడ్డప్రక్కను గూర్చుండి "ఈ వీరుడెవడు? ఎందుల కిట్లు పోరాడుచున్నాడు?" అని యడుగు తల్లికి, బిడ్డ హృదయమే కానవచ్చును. కనుక మా సోదరీమణులు మొదట నాటను దెలిసికొని, పిమ్మట దీర్పు చెప్పుదురుగాక యని కోరుచున్నాము.